శాశ్వత పంటల్లో మనమూ ఓరిమా దీవులూ

ఈ వ్యవహారంలో తప్పెవరిదని ఎవరైనా విచారణ జరిపితే మొదటి పేరు నాదే రాయాలి. రెండో పేరూ నాదే. మూడో చోట మా డైరెక్టరుగారి పేరు రాయవచ్చు గాని, ఆయన పెట్టిన సంతకాలన్నీ నేను తయారుచేసిన కాగితాల మీదే పెట్టారు. కాబట్టి న్యాయంగా అదీ నా నెత్తినే పడుతుంది.

నా పేరు గోవర్ధనం. హైదరాబాదులో శాశ్వత పంటల తులనాత్మక కేంద్రం అని ఒక కార్యాలయం ఉంది. అందులో నేను ఉపసంచాలకుణ్ణి. మామిడి, జీడి, నిమ్మ, చీనీ అనే బత్తాయిలాగా ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కాసేవాటిని శాశ్వత పంటలంటారు. వరి, జొన్న, వేరుశనగలాగా ఏటేటా విత్తుకునేవి తాత్కాలిక పంటలు. మన దేశం మొత్తం భూమిలో శాశ్వత పంటలున్న నేల నూటికి ఎంత, మరో దేశంలో నూటికి ఎంత, ఏ దేశానిది పెరిగింది, ఎవరిది తగ్గింది అని పోల్చి ఏడాదికొక నివేదిక వెయ్యడం మా కేంద్రం పని.

ఆ మరో దేశం ఓరిమా దీవులు. ఎందుకు ఓరిమా అంటే, ఎప్పుడో ఒక పెద్దమనిషి అక్కడికి పర్యటనకు వెళ్ళి, వాళ్ళు పెట్టిన జాజికాయ పాయసం నచ్చి, 'గణాంక మైత్రీ ఒప్పందం' మీద సంతకం చేసి వచ్చారు. ఏం పోల్చాలన్న చోట ఒప్పందంలో ఖాళీ వదిలారు. తర్వాత ఎవరో గుమాస్తా ఆ ఖాళీలో 'శాశ్వత పంటల విస్తీర్ణం' అని పూరించాడు. నా ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఆ ఖాళీలోనే గడిచింది.

ఇరవై రెండేళ్ళలో మా నివేదికను చదివినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరు. ఒకణ్ణి నేను. రెండోది మా ఆవిడ సుభాషిణి, అదీ పెళ్ళయిన కొత్తలో. ఒక ఏడాది బైండింగు చేసేవాడు పేజీలన్నీ తలకిందులుగా కుట్టేశాడు. ఆ ఏడాది కూడా పైనుంచి 'అత్యంత ప్రామాణికంగా ఉంది' అని ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించుకున్నాను.

మనిషన్నాక ఆశ ఉంటుంది. పదవీ విరమణకు మూడేళ్ళుంది. ఈలోగా ఒక్కసారైనా నా రేఖాచిత్రాన్ని ఎవరైనా చూడాలనిపించింది. నిజానికి మన గీతకూ ఓరిమా గీతకూ మధ్య తేడా ఒక శాతంలో పదో వంతు. మామూలుగా గీస్తే రెండూ ఒకే తీగలాగా కనబడతాయి. నేనేం చేశానంటే, బొమ్మ అడుగుభాగం కత్తిరించి పారేసి, మిగిలిన చిన్న ముక్కను పేజీ నిండా సాగదీశాను. అప్పుడు ఓరిమా ఆకుపచ్చ గీత కొండెక్కుతున్నట్టూ, మన ఎర్ర గీత బావిలోకి దూకుతున్నట్టూ వచ్చింది. చూడ్డానికి ఎంతో బాగుంది. దాన్నే సమావేశంలో తెర మీద వేశాను.

మా డైరెక్టరు ఉమాపతిరావుగారు సమావేశాల్లో కళ్ళు మూసుకుని వింటారు. ఆ రోజు కళ్ళు తెరిచారు.

"గోవర్ధనంగారూ, ఈ ఆకుపచ్చ గీత ఎవరిది?"

"ఓరిమా దీవులది సార్."

"ఎర్రది?"

"మనది సార్."

"మనది కింద ఉందే!"

"అవును సార్. పదిహేనేళ్ళుగా కిందే ఉంది."

"పదిహేనేళ్ళుగా ఒక దీవి మన నెత్తిమీద కూర్చుంటే నాకెందుకు నివేదించలేదు?"

నివేదించాను. పదిహేను సార్లు, పదిహేను నివేదికల్లో. కానీ నా నోటినుంచి వచ్చిన మాట మాత్రం, "పొరపాటే సార్."

ఆయన లేచి నిలబడ్డారు. "ఇది గీత కాదు. ఇది జాతి ప్రతిష్ఠ. వచ్చే ఆషాఢంలో ఓరిమా ప్రతినిధి ఇక్కడికి వస్తున్నారు. అరవై ఏళ్ళ తులనాత్మక సంపుటిని సంయుక్తంగా ఆవిష్కరించాలి. ఆ నాటికి మన గీత వాళ్ళ గీతను అధిగమించి తీరాలి. ఇందు నిమిత్తం గీతోద్ధరణ సంఘాన్ని తక్షణం ఏర్పాటు చేయడమైనది. సభ్య కార్యదర్శిగా గోవర్ధనంగారు వ్యవహరిస్తారు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చి సుభాషిణికి చెబితే, "పోనీలెండి, ఇన్నాళ్ళకు మీ బొమ్మ చూశారు" అంది. నాకూ లోపల సంతోషంగానే ఉంది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే జాలేస్తుంది.

సంఘం మొదటి సమావేశంలో డైరెక్టరుగారు చెట్లు నాటిద్దామన్నారు. మామిడి చేతికి రావడానికి ఐదేళ్ళు పడుతుందని చెప్పాను. "సత్వర కాపునిచ్చే చెట్లేమీ లేవా?" అన్నారు. ఎనిమిది నెలల్లో ఎదిగే చెట్టేదీ నాకు తెలియదు. గది నిశ్శబ్దమైపోయింది. నా ఉద్యోగ జీవితంలో నిశ్శబ్దాన్ని భరించలేక మాట్లాడిన ప్రతిసారీ ఏదో ఒక అనర్థం జరిగింది. అయినా మాట్లాడాను.

"సార్, చెట్లు పెరగడానికి టైం పడుతుంది గాని, నిర్వచనం పెరగడానికి పట్టదు."

ఉమాపతిరావుగారు నన్ను అంత ప్రేమగా చూడడం అదే మొదలు.

మొదటి సర్క్యులరు పెరటి చెట్ల మీద. మునగ, కరివేపాకు, గోరింట, బొప్పాయి, ఏ పెరట్లో ఉన్నా వాటి నీడను కొలిచి శాశ్వత పంటల కింద రాయాలి. కొలత మధ్యాహ్నం వేళ కాకుండా నీడ బారుగా ఉండే సాయంత్రం నాలుగున్నరకు తీసుకోవాలన్న షరతు కూడా నాదే. ఆదర్శంగా ఉంటుందని మా ఇంటి కరివేపాకు చెట్టుతోనే మొదలుపెట్టాను. నేను టేపు పట్టుకుని నేల మీద పాకుతుంటే సుభాషిణి చేటతో వచ్చి నిలబడింది.

"పోపులోకి రెండు రెమ్మలు కావాలి. మీ ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలా?"

"ఆకు కోసుకోవచ్చు. కొమ్మ విరవకూడదు" అన్నాను. నేను హాస్యానికి అనలేదు. అది మూడో పేరాలో ఉంది.

రెండో సర్క్యులరులో చేల గట్ల మీద ఉండే తంగేడు, జిల్లేడు వచ్చాయి. జిల్లేడు పంట ఎలా అవుతుందని ఒక సభ్యుడు సందేహించాడు. వినాయకుడి పూజకు పనికొస్తుంది కాబట్టి ఉద్యాన పంట అవుతుందని నేను తీర్పు చెప్పాను. మూడో సర్క్యులరులో కుండీలు. కార్యాలయాల వరండాల్లో ఉన్న క్రోటన్లను కూడా చదరపు అడుగుల నుంచి హెక్టార్లలోకి మార్చి పంపమన్నాం. ఒక కచేరీ నుంచి ప్లాస్టిక్ మొక్కల విస్తీర్ణం కూడా వచ్చింది. వాటిని తీసెయ్యమని చెప్పబోయాను గాని, ఏళ్ళ తరబడి నిలిచేవే కదా అని డైరెక్టరుగారు పరిశీలనలో ఉంచారు.

ఇంత చేసినా ఓరిమా గీత ఇంకా వెంట్రుకవాసి పైనే ఉంది. పైగా పాత తోటల నుంచి కొత్త చిక్కు వచ్చింది. బోర్లు ఎండిపోయి, తోటలు చచ్చిపోయి, రైతులు చెట్లు పీకేసి వేరే పంటలు వేసుకుంటున్నారు. ఇటు నేను కుండీ కుండీ పోగుచేస్తుంటే అటు ఎకరాలకు ఎకరాలు జారిపోతున్నాయి. అప్పుడు నాలుగో సర్క్యులరు రాశాను. అందులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తి రాయడం నాకు నేను వేసుకునే శిక్ష.

'చెట్టు సజీవంగా ఉన్నదా లేదా అన్నది వృక్షశాస్త్ర విషయం. అది నేలలో నిలిచి ఉన్నదా లేదా అన్నది మాత్రమే గణాంక విషయం. శాశ్వత పంట నిర్వచనంలో ప్రాణము అనే పదం లేనందున, ఎండిన చెట్లను తొలగించుట విస్తీర్ణ క్షీణతగా పరిగణించబడును. సంఘం అనుమతి లేనిదే తొలగించరాదు.'

డైరెక్టరుగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివించుకున్నారు. "గోవర్ధనంగారూ, మీలో ఒక తాత్త్వికుడున్నాడు" అన్నారు. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాను కూడా.

ఆ వాక్యం అనంతపురం జిల్లా కొండ్రాజుపల్లెలో కుళ్ళాయమ్మ అనే ఆమె మీద పడింది.

ఆమె అర్జీ జూన్ మొదట్లో మాకు చేరింది. చీనీ తోట మూడెకరాలు. బోరు ఎండిపోయి చెట్లన్నీ చచ్చి రెండేళ్ళయింది. వాటిని పీకేసి చెనిక్కాయ, అంటే మన వేరుశనగ, వేసుకుంటానంటే గ్రామ వ్యవసాయ సహాయకురాలు వద్దంటోంది. మొదటి పదును లోపల విత్తకపోతే ఈ ఏడూ పోతుంది. దయచేసి అనుమతి ఇవ్వాలి. కింద వేలిముద్ర.

"ఇలాంటి ఒక్క అనుమతి ఇస్తే వెయ్యి వస్తాయి. మీరే క్షేత్రస్థాయికి వెళ్ళి ఆమెకు దిశానిర్దేశం చేసి రండి" అన్నారు డైరెక్టరుగారు.

వెళ్ళాను. నేను శాశ్వత పంటల మీద ఇరవై రెండు నివేదికలు రాసినవాణ్ణి. చీనీ తోటలోకి అడుగుపెట్టడం మాత్రం అదే మొదటిసారి. మూడు వందల పైచిలుకు చెట్లు బూడిదరంగులో వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. నీడ కోసం చూశాను. దొరక్క గొడుగు విప్పుకున్నాను.

కుళ్ళాయమ్మకు యాభై ఏళ్ళుంటాయి. ఎండకు కమిలిన మొహం, తలకు చుట్టుకున్న తువ్వాలు. గట్టు మీద గోనెసంచి పరిచి, "కుచ్చోండి సార్. ఐదరాబాదు నుంచి వచ్చినారంట. మజ్జిగ తాగుతారా?" అంది.

వద్దని, గొంతు సవరించుకుని, గీత గురించి చెప్పాను. మన దేశమనీ, ఓరిమా దీవులనీ, అరవై ఏళ్ళ పోటీ అనీ. ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది.

"ఆ దేశం యాడుంది సార్?"

"చాలా దూరం. సముద్రం మధ్యలో."

"ఆ ఊరోళ్ళు ఎవరైనా నన్ను చెట్లు పీకొద్దన్నారా?"

"వాళ్ళు అనలేదు."

"మరి ఎవరన్నారు?"

నేనన్నానని చెప్పడానికి నోరు రాలేదు. "పైవాళ్ళు" అన్నాను. పైన గొడుగు తప్ప ఏమీ లేదు.

ఆమె పక్కనే నిలబడ్డ, మాబున్ని అనే గ్రామ వ్యవసాయ సహాయకురాలు ఫోను తీసి చూపించింది. పాతికేళ్ళ అమ్మాయి, పాపం బెదురుబెదురుగా ఉంది. "సార్, అక్క చెప్పేది నిజమే సార్. నేనేం చేసేది? యాప్‌లో చెట్టు సచ్చిందని కొట్టేదానికి గడి లేదు. ఆకులున్నాయా అని అడుగుతాది. లేవు అని కొడితే 'ఆకురాలు కాలం' అని దానంతట అదే రాసుకుంటాది. రెండేండ్లుగా ఆకురాలు కాలమే నడుస్తాంది సార్."

ఆ యాప్‌లో గడులు ఏవేవి ఉండాలో నిర్ణయించింది ఎవరో మీరు ఊహించే ఉంటారు.

"చూడు సార్," అంది కుళ్ళాయమ్మ, మెల్లగానే. "ఈ చెట్లు నేనే బిందెలతో నీళ్ళు పోసి పెంచినా. మా ఆయన పోయినంక ఇవే నాకు దిక్కు. సచ్చిపోతాంటే సూస్తా ఉండినా. ఇప్పుడు పొద్దున లేస్తే వీటి మొగమే సూడల్ల. పీకేస్తే నా మనసు కూడా కుదటపడతాది. ఇత్తనాలు ఒలిచి పెట్టుకున్నా. వాన ఇయ్యాలో రేపో అన్నట్టుంది. ఎయ్యనీండి సార్."

దీనికి జవాబు నాలుగో సర్క్యులరులో లేదు. ఏం చెప్పాలో తోచనప్పుడు అధికారులు చేసే పని నేనూ చేశాను. కాగితాల కట్ట చంకలో పెట్టుకుని, గంభీరంగా మొహం పెట్టి, పక్కనున్న చెట్టుకు ఆనుకున్నాను.

చెట్టు పడిపోయింది. దానితోపాటు నేనూ పడ్డాను. చెదలు మొదలంతా తినేసి, పైకి బెరడు మాత్రం మిగిల్చాయి. నేను లేచి చొక్కా దులుపుకునేలోగా, కెమెరాతో చెట్లు లెక్కపెట్టే ఆ యాప్ మాబున్ని ఫోనులో కీచుమంది.

"సార్," అంది ఆ అమ్మాయి ఫోను నావైపు తిప్పి, "చెట్టు తగ్గితే ఎవరు తీసినారో పేరు రాయమంటాది సార్. రాయకపోతే ముందుకు పోదు."

"రాయి," అన్నాను. "గోవర్ధనం."

కుళ్ళాయమ్మ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నా మోచేతికి గీసుకుపోయిన చోట పసుపు పెట్టింది.

హైదరాబాదు చేరేసరికి నా బల్ల మీద నా సంతకంతో నాకే సంజాయిషీ నోటీసు ఉంది. కంప్యూటరు దానంతట అది పంపింది. 'శాశ్వత పంటను అనుమతి లేకుండా ఎందుకు తొలగించితిరి?' అని. నేను జవాబు రాసి సమర్పించుకున్నాను: 'నేను ఆనుకున్నాను.'

అనుమతి ఇద్దామని డైరెక్టరుగారి దగ్గర ప్రస్తావించాను. గట్టిగా అడిగానని చెప్పుకుందామని ఉంది గాని, నిజానికి తలుపు దగ్గర నిలబడి, ఆయన ఫోను మాట్లాడుతుండగా అడిగాను. ఆయన ఫోను పెట్టేసి, నా సంజాయిషీ చదివి, వేరే పాఠం నేర్చుకున్నారు. "అంటే ఎండిన చెట్లు పడిపోయే ప్రమాదం ఉందన్నమాట! తక్షణం ఊతాలు పెట్టించండి." ఐదో సర్క్యులరు అలా పుట్టింది. ద్రాక్షతోటలకు పాతే రాతికూసాలు తెప్పించి, చచ్చిన ప్రతి చెట్టునూ ఒక కూసానికి తాళ్ళతో కట్టించారు. నేను పడేసినదాన్ని కూడా లేపి నిలబెట్టి, రికార్డులో 'ఊతంతో నిలబెట్టబడినది' అని రాశారు. నా సంజాయిషీని అనుబంధంగా జతచేశారు.

ఆ ఊతాలతో మన గీత ఓరిమా గీతను దాటింది. కార్యాలయంలో లడ్డూలు పంచారు. నేను ఒకటి తిన్నాను. రెండోది జేబులో వేసుకుని, సుభాషిణికి ఇచ్చాను. ఆమె, "ఆ అనంతపురం ఆవిడ విత్తుకుందా?" అని అడిగింది. లేదన్నాను. లడ్డూ పళ్ళెంలో అలాగే ఉండిపోయింది.

ఆషాఢంలో ఓరిమా ప్రతినిధి వచ్చింది. పేరు లువాని. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, భుజానికి గుడ్డసంచి. ఆ దేశపు గణాంక శాఖ మొత్తం తనూ, ఇంకో గుమాస్తా మాత్రమేనట. ఒప్పందం ప్రకారం వచ్చిన ప్రతినిధి మా జాబితాలోంచి ఏదైనా ఒక తోటను తనే ఎంచుకుని చూడవచ్చు. ఉమాపతిరావుగారు పచ్చటి మామిడి తోటను సిద్ధం చేయించి, దారి పొడుగునా ముగ్గులు వేయించారు. ఆమె మాత్రం విమానంలోనే జాబితా ఇంగ్లీషు ప్రతి అంతా చదివేసిందట. నలభై వేల పద్దుల్లో ఒకదానికి జతచేసిన ఒక్క వాక్యం దగ్గర ఆగింది.

"ఈ ఆనుకున్న మనిషి ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగింది.

నేను చెయ్యెత్తాను.

"నాకు ఈ తోట చూడాలనుంది."

డైరెక్టరుగారు ఎంత నచ్చజెప్పినా వినలేదు. మేము కొండ్రాజుపల్లె చేరేసరికి వాన పడి రెండు రోజులైంది. నేల మెత్తగా, ఎర్రగా, పదునుగా ఉంది. చుట్టూ చేలల్లో ఎద్దుల గొర్రులతో విత్తుతున్నారు. కుళ్ళాయమ్మ చేలో మాత్రం మూడు వందల కూసాలకు మూడు వందల చచ్చిన చెట్లు. ఆమె గట్టు మీద విత్తనాల సంచి పక్కన కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

లువాని ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి తాడును ముట్టుకుంది. నావైపు తిరిగి, ఇదంతా ఎందుకని అడిగింది. నేను డైరెక్టరుగారివైపు చూశాను. ఆయన కళ్ళతో వద్దన్నారు. కానీ నాకు ఇంగ్లీషులో అబద్ధమాడే నేర్పు లేదు. తెలుగులోనైతే చక్కగా ఆడేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మీ గీత పైకి పోతోంది, మేము దాన్ని అందుకోవాలనుకున్నాం అని.

ఆమె తాడు వదిలేసింది. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్క మాటే చెప్పింది. నేను కుళ్ళాయమ్మకూ మాబున్నికీ అర్థమయ్యేలా తెలుగులో చెబుతూ వచ్చాను.

"మా తోటలు పెరగలేదు. అరవై ఏళ్ళుగా ఒక్క ఎకరం పెరగలేదు. కాఫీ, జాజికాయ, అన్నీ కొండల మీద ఉంటాయి. కింద తీరం వెంట ఊళ్ళూ, దుంపల మళ్ళూ ఉండేవి. సముద్రం ఏటేటా వాటిని తినేస్తోంది. మొత్తం భూమి తగ్గిపోతుంటే అందులో తోటల వాటా పెరిగినట్టే కనబడుతుంది కదా? మా గీత పైకి పోలేదు. మా దేశం తగ్గింది."

ఇరవై రెండేళ్ళు. నా దగ్గరికి ఏటా ఆ దేశం నుంచి రెండు వరసల అంకెలు వచ్చేవి. ఒకటి తోటలది, ఒకటి మొత్తం భూమిది. నేను ఒకదాన్ని ఇంకోదానితో భాగించి, వచ్చింది రాసుకుని, ఆ రెండో వరసను ఒక్కసారి కూడా పై నుంచి కిందికి చదవలేదు. చదివి ఉంటే ఒక దేశం మునిగిపోతున్న సంగతి హైదరాబాదులో నాకు ముందే తెలిసేది. నేను దాన్ని చూసి అసూయపడ్డాను. ఆకుపచ్చ రంగు వేశాను.

కుళ్ళాయమ్మ లేచి వచ్చింది. "ఆయమ్మ ఇల్లు ఉండాదా సార్?"

అడిగాను. లువాని పుట్టిన ఇల్లు లేదట. ఇప్పుడుంటున్నది కొండకు దగ్గరగా కట్టుకున్న మూడో ఇల్లట.

"నాకు బోరు ఆరునూరు అడుగులు దింపితే సుక్క నీళ్ళు రాలేదు. ఆయమ్మకు గడప దాటి ఇంట్లోకే వచ్చినాయా," అంది కుళ్ళాయమ్మ. లువాని చెయ్యి పట్టుకుని గోనెసంచి మీద కూర్చోబెట్టింది. చెంబుతో మజ్జిగ ఇచ్చింది. లువాని వద్దనలేదు.

ఉమాపతిరావుగారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"గోవర్ధనంగారూ, ఇంత సులభమైన మార్గం మనకెందుకు తట్టలేదు? విస్తీర్ణం పెంచక్కర్లేదు. మొత్తం భూమిని తగ్గిస్తే చాలు!"

"భూమిని ఎలా తగ్గిస్తాం సార్?"

"నిర్వచనంతో. కొండలు భూమి ఎలా అవుతాయి? అవి ఎత్తులు. నదీగర్భాలు నీళ్ళు. రోడ్లు రవాణా. ఇవన్నీ తీసేస్తే మనల్ని ఎవరూ అందుకోలేరు. ముసాయిదా మీరే రాయాలి. ఆ తాత్త్వికుడు మీలోనే ఉన్నాడు."

నాలో నిజంగా ఎవరున్నారో నాకు తెలియదు. ఎవరున్నా, ఆ క్షణాన బయటికి రాలేదు. నేను ఆయనతో ఏ వాదనా చేయలేదు. "అలాగే సార్, మీరు కారులో కూర్చోండి, ఇక్కడ బురదగా ఉంది" అన్నాను. ఆయన వెళ్ళి ఏసీ వేయించుకుని కూర్చున్నారు.

నేను మాబున్ని దగ్గర కాగితం ఒకటి తీసుకున్నాను. తొలగింపు అనుమతి ఇచ్చే అధికారం సంఘానిది. సంఘం తరఫున సంతకం చేయవలసింది సభ్య కార్యదర్శి. అంటే నేనే. జూన్‌లోనూ నేనే. నాలుగు వారాలుగా ఈ సంతకం నా జేబులోని కలంలోనే ఉంది. 'చెట్లు లేవు, కట్టెలు మాత్రమే ఉన్నవి. తొలగించుకోవచ్చును' అని రాసి సంతకం చేశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

"సార్, మీకేమీ కాదు కదా?" అంది మాబున్ని.

"అవుతుంది. నువ్వు యాప్‌లో నా పేరే రాయి. దానికి అలవాటే."

కుళ్ళాయమ్మ కాగితం వైపు చూడనేలేదు. కొడవలి తీసుకుని తాళ్ళు కోయడం మొదలుపెట్టింది. పక్క చేలవాళ్ళు గొర్రులు ఆపి వచ్చారు. ఎవరో ట్రాక్టరుకు గొలుసు తగిలించి తెచ్చారు. లువాని చెప్పులు విడిచి, కొమ్మలు ఎత్తి గట్టు మీద వేసింది. నేను గడ్డపార అడిగి తీసుకున్నాను. మూడో చెట్టుకే నడుం పట్టేసింది. మిగతావాళ్ళు పీకుతుంటే నాకు చేతనైన పద్ధతిలో సాయం చేశాను. ఒక్కొక్క చెట్టు దగ్గరికీ వెళ్ళి ఆనుకున్నాను. అలా పదకొండు పడేశాను.

కుళ్ళాయమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. ఒకచోట ఆగి, ఒక మొద్దు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇది మొట్టమొదట కాసిన చెట్టు సార్" అంది. మేమందరం ఆగాం. కాసేపటికి తనే పక్కకు జరిగి, ట్రాక్టరువాడికి కానిమ్మని సైగ చేసింది.

మర్నాటి మధ్యాహ్నానికి మూడెకరాలూ విత్తేశారట.

నామీద చర్య రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. 'శ్రీ గోవర్ధనం జాతీయ గీతకు కలిగించిన క్షీణతను దృష్టిలో ఉంచుకుని, వారిని తాత్కాలిక పంటల విభాగమునకు శాశ్వత ప్రాతిపదికన బదిలీ చేయడమైనది.' ఆ విభాగం నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. సుభాషిణి క్యారేజీలో కరివేపాకు పొడి ధారాళంగా వేసి పంపుతోంది.

సెప్టెంబరులో కుళ్ళాయమ్మ ఫోను చేసింది. మధ్యలో ఇరవై రోజులు వాన మొహం చాటేసిందట. కాయ సగమే కుదిరిందట. "సగమైనా కాసినాయి సార్. సేను పచ్చగా ఉంటే పొద్దున లేసేకి బుద్ధయితాది" అంది. పెరికేటప్పుడు రమ్మంది.

పైన మాత్రం భూమిని తగ్గించే పని జోరుగా సాగుతోంది. కొండలు పోయాయి. చెరువు శిఖం భూములు పోయాయి. పోయిన వారం గుట్టలూ పోయాయి. మేముండే కాలనీ గుట్ట మీద ఉంది. నిన్న పై అంతస్తు నుంచి ఒక ఫారం వచ్చింది. ఉద్యోగులందరూ తాము నివసించే స్థలం భూమి అవునో కాదో సొంత దస్తూరీతో ధ్రువీకరించాలట.

అవును అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కలం పట్టుకున్నాక లువాని మూడో ఇల్లు మనసులో మెదిలింది. అది ఎంత ఎత్తున ఉందో నేను అడగలేదు.

చాలాసేపు ఆలోచించి, 'ప్రస్తుతానికి అవును' అని రాసి పంపాను.